మిల్లు గేటుకు పావుగంట నడక

బొంబాయిలో తల దాచుకోవడానికి చోటు లేదని అందరూ మొత్తుకుంటున్న 1920లలోనే, అదే బొంబాయిలో కొత్తగా కట్టిన వేల గదులు అద్దెకు మనుషులు దొరక్క ఖాళీగా పడి ఉన్నాయి. గవర్నరు జార్జ్ లాయిడ్ హయాంలో 1920లో ఏర్పడిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు (బీడీడీ), ఊళ్ళోకి వచ్చే ఒక్కో పత్తి బేలు మీద రూపాయి సుంకం వేసి, ఆ రాబడి ఆసరాతో యాభై వేల గదులు కడతానని బయల్దేరింది. చివరికి 207 చాల్‌ల (వరస గదుల అంతస్తుల భవనాల) దగ్గర, పదహారు వేల పైచిలుకు గదుల దగ్గర ఆగిపోయింది. ఆ 207లో 121 చాల్‌లు వర్లీలో లేచాయి. నాయ్‌గావ్‌లో 42, డీలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12 కట్టారు. గది 160 చదరపు అడుగులు. అంతస్తుకు ఇరవై గదులు, ఉమ్మడి నల్లాలు, ఉమ్మడి మరుగుదొడ్లు. ఈ కాలపు కంటికి అది ఇరుకే. పరేల్, లాల్‌బాగ్ సందుల్లో ఒకే గదిలో రెండు మూడు కుటుంబాలు సర్దుకుంటూ, పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చే కాలంలో మాత్రం అది ఒక మెట్టు పైనున్న ఇల్లే. అయినా వర్లీ గదులు ఏళ్ళ తరబడి నిండలేదు. శాసనోల్లంఘన ఉద్యమం నాటికి ప్రభుత్వం వాటిలో కొన్నింటిని తాత్కాలిక జైలుగా వాడుకుంది. కూలీల కోసం కట్టిన ఇళ్ళలోకి ముందుగా సత్యాగ్రహులు ఖైదీలుగా చేరారు.

ఆనాటి అధికారుల రాతల్లో దీనికి సులువైన సమాధానం ఒకటి తరచుగా కనిపిస్తుంది: పల్లె నుంచి వచ్చిన కూలీకి గాలి, వెలుతురు, శుభ్రతల విలువ తెలియదని. ఆ సమాధానం తప్పని నా వాదన. లెక్క తెలియనిది కూలీకి కాదు, ఇల్లు కట్టినవాడికి. అధికారి గదిని కొలిచాడు. కూలీ గదికీ మిల్లు గేటుకూ మధ్య దూరాన్ని కొలిచాడు. గదికీ కిరాణా కొట్టుకూ, గదికీ తన ఊరివాళ్ళుండే చాల్‌కూ ఉన్న దూరాన్ని కూడా కొలిచాడు. మిల్లు కార్మికుల్లో నూటికి తొంభై మంది పనిచేసే చోటికి పావుగంట నడకలోనే కాపురం ఉంటున్నారని 1920ల నాటి అంచనా. కొత్త నగరానికి తరలిపోయేవాళ్ళు నడకకు అనువైన పేటను వెతుక్కోవడం ఈ మధ్య పుట్టిన ఆరోగ్య సూత్రమో, డబ్బున్నవాళ్ళ సరదానో అనుకునేవాళ్ళు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

ఈ కథలో తెలుగువాళ్ళ పాలు తక్కువేమీ కాదు. మిల్లులు పుట్టకముందే, బొంబాయి ఏడు దీవులను కలిపే పనులు సాగుతున్న కాలం నుంచే, నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల కూలీలు అక్కడ మట్టీ రాయీ మోశారు. వాళ్ళను అక్కడివాళ్ళు కామాఠీలన్నారు, వాళ్ళున్న పేట కామాఠీపురా అయింది. ఆ పేరు వినగానే సినిమాలు మనకు నేర్పిన దృశ్యం ఒక్కటే గుర్తుకొస్తుంది గానీ, నగరాన్ని కట్టిన తాపీ పనివాళ్ళ పేటగా దాని వయసు అంతకంటే పెద్దది. తరువాతి విడత మగ్గం మీద బతికినవాళ్ళది. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ తాడ్‌దేవ్‌లో మొదటి బట్టల మిల్లుకు పునాది వేశాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడి, తెలంగాణకూ బొంబాయికీ దారి కలిసింది. మిల్లు బట్ట ఊళ్ళోకి వచ్చి చేమగ్గాన్ని దెబ్బతీస్తుంటే, అదే రైలెక్కి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు మిల్లు బట్ట పుట్టేచోటికే వెళ్ళారు. కొందరు దారిలోని సోలాపూర్‌లో దిగిపోయారు, తరువాతి తరాల్లో చాలామంది భివండీ మరమగ్గాల దగ్గరికి చేరారు, మిగిలినవాళ్ళు పరేల్, ప్రభాదేవి వైపు మిల్లుల్లో నేత ఖాతాల్లో, అంటే నేత విభాగాల్లో, నిలబడ్డారు. బైకల్లా నుంచి దాదర్ దాకా పొగగొట్టాల కింద పరచుకున్న ఈ ప్రాంతాన్ని మరాఠీవాళ్ళు గిరణ్‌గావ్ అన్నారు, అంటే మిల్లుల ఊరు. 1920ల నాటికి నగరంలో ఎనభైకి పైగా మిల్లులు, సుమారు లక్షన్నర మంది కార్మికులు ఉండేవారు.

గేటుకు దగ్గరగా ఉండాలన్న పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే మిల్లులో పని దొరికే పద్ధతి తెలియాలి. చాలా మందికి పని నెల జీతపు కొలువు కాదు. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడాలి. ఆ రోజు రానివాళ్ళ స్థానంలో జాబర్ ఎవరిని లోపలికి పిలిస్తే వాళ్ళకు ఆ రోజు కూలి. వీళ్ళే బదిలీ కార్మికులు. సింగరేణి గనుల చరిత్ర తెలిసిన తెలుగువాళ్ళకు ఈ మాట కొత్త కాదు. జాబర్ అంటే మేస్త్రీకి ఎక్కువ, మేనేజరుకు తక్కువ. పనిలో పెట్టేదీ, తీసేయించేదీ, పండక్కి ఊరెళ్ళొచ్చినవాడికి మళ్ళీ మగ్గం ఇప్పించేదీ అతనే. అతను ఉండేదీ ఆ సందుల్లోనే. సాయంత్రం అతని కంట పడేవాడికీ, ఎక్కడో దూరంగా బతుకుతూ ఉదయం మాత్రమే మొహం చూపించేవాడికీ గేటు దగ్గర ఒకే విలువ ఉండదు. ఏ మిల్లులో రాత్రి షిఫ్టు మొదలవుతోంది, ఏ ఖాతాలో మనుషులు తక్కువయ్యారు అన్న కబురు ముందు చేరేది కూడా సందు మొగలోని టీ దుకాణానికే. ఒక గేటు దగ్గర పిలుపు రాకపోతే నడిచి రెండో గేటుకు చేరుకోవచ్చు. వర్లీ నుంచి వచ్చినవాడికి ఆ రెండో అవకాశం లేదు. దీనికి పని గంటలు కూడా కలపండి. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ళ పనిదినాన్ని పన్నెండు గంటలకు పరిమితం చేసింది. పరిమితం చేస్తేనే అది పన్నెండు! 1922లో పదకొండు, 1934లో పది అయ్యాయి. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడే మనిషికి పొద్దున గంట, సాయంత్రం గంట నడక అంటే, ఆ రెండు గంటలూ నిద్రలోంచే పోవాలి.

గేటు ఒక్కటే అయితే కథ సగమే. కొత్తగా వచ్చినవాడికి మొదటి జీతం అందేదాకా బియ్యం, పప్పు, కిరసనాయిలు ఉద్దెర ఇచ్చేది కిరాణా కొట్టు. ముక్కూమొహం తెలియనివాడికి ఎవరూ ఉద్దెర ఇవ్వరు. ‘వీడు మావాడే’ అని పూచీపడే బంధువో, ఊరివాడో అదే చాల్‌లో ఉండాలి. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళకు ఖానావళి ఉండేది: ఏ ఇంటావిడో పది ఇరవై మందికి నెలవారీ లెక్కన వండి పెట్టే భోజనం. మిల్లు విరామంలో వచ్చి తిని మళ్ళీ పనిలోకి వెళ్ళగలిగినంత దగ్గరలో ఉంటేనే ఆ ఏర్పాటుకు అర్థం. ఆ స్త్రీల శ్రమ లెక్కలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణ మహిళా మండలిని స్థాపించి, వాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించాకే ఈ ఖానావళులు ఒక ఉపాధి అని నగరం గుర్తించింది. మిల్లుల్లోనూ నూలు చుట్టే ఖాతాల్లో పెద్ద సంఖ్యలో ఆడవాళ్ళు ఉండేవారు. నల్లా వచ్చే వేళకు నీళ్ళు పట్టి, వంట చేసి, చంటిపిల్లను పొరుగింట వదిలి పనికి పోయే మనిషికి దూరం ఒక్కో పావుగంట పెరిగితే ఏమవుతుందో ఏ డెవలప్‌మెంటు శాఖ పటంలోనూ కనిపించదు. ఇవన్నీ ఒక్క గదికి పట్టే అద్దెలో కలిసి వచ్చేవి. పరేల్‌లో చీకటి గదికి డబ్బు కట్టేవాడు ఆ చీకటికి కట్టడం లేదు. ఉద్దెరకూ భోజనానికీ పని కబురుకూ తోడుకూ కలిపి కడుతున్నాడు. వర్లీలో గది మాత్రమే దొరుకుతుంది.

ఇది నిర్బంధమే గానీ ఎంపిక ఎలా అవుతుందని అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. గుర్రపు ట్రాములు 1874 నుంచి, కరెంటు ట్రాములు 1907 నుంచి బొంబాయిలో నడిచాయి. 1925 నుంచి విక్టోరియా టెర్మినస్, కుర్లాల మధ్య కరెంటు రైళ్ళు వచ్చాయి. రోజూ వాటికి డబ్బు పెట్టే శక్తి బదిలీ కార్మికుడికి లేదు. శక్తి లేనివాడు నడవడాన్ని గొప్ప నిర్ణయంగా పొగడటం అన్యాయం కాదా? పేదరికం దారులను తగ్గిస్తుంది, నిజమే. కానీ మిగిలిన దారుల మధ్య మనిషి ఆలోచించే ఎంచుకుంటాడు. దానికి సాక్ష్యం ఆ బీడీడీ చాల్‌లలోనే ఉంది. వర్లీ గదుల్లో లోపాలు లేకపోలేదు. కాంక్రీటు గోడలు వేసవిలో సెగలు కక్కేవి, వెలుతురు అంతంతమాత్రం, గదిలోనే కడుక్కోవడానికి తావు లేదని జనం ఫిర్యాదు చేసేవారు. కాబట్టి ఇళ్ళు బాగాలేకనే రాలేదని వాదించవచ్చు. అయితే ఇంచుమించు అదే నమూనాతో కట్టిన డీలైల్ రోడ్డు, నాయ్‌గావ్ చాల్‌లకు వర్లీకి పట్టిన గతి పట్టలేదు. గోడ అదే, గది అదే, మారింది మిల్లులకు ఉన్న దూరం. తరువాతి కాలంలో వర్లీకి బస్సులు, దుకాణాలు, బళ్ళు వచ్చాక అవే గదుల్లో కాలు పెట్టడానికి సందు లేకుండా పోయింది. కాంక్రీటు ఈలోగా చల్లబడలేదు కదా!

అంతకంటే బరువైన అభ్యంతరం చావుల గురించి. నడక దూరం కోసం జనం ఒకరి మీద ఒకరు పడి బతికారు. దాని మూల్యం ప్రాణాలతో చెల్లించారు. 1896లో మాండ్వీలో ప్లేగు బయటపడ్డాక కొన్ని నెలల్లోనే నగరంలో సగానికి దగ్గరగా జనం పారిపోయారు. 1921లో ఒక గది ఇళ్ళలో నమోదైన శిశు మరణాల రేటు వెయ్యికి 828. ఈ అంకె కొంత పెంచి చూపేదే. తల్లులు కాన్పుకు ఊరెళ్ళి బిడ్డతో తిరిగి వచ్చేవారు కనుక జననం ఒకచోట, మరణం మరోచోట నమోదయ్యేవి. అయినా సగానికి సగం తగ్గించి చూసినా గుండె జారే అంకె. దీన్ని పక్కకు నెట్టి నడక పేటలను పొగిడితే అది చరిత్ర కాదు, భజన. కానీ ఆ చావులకు కారణం ఇళ్ళు పనికి దగ్గరగా ఉండటమా, లేక ఆ దగ్గరలో చాలినన్ని గదులూ నీళ్ళూ మురుగు కాలవలూ లేకపోవడమా? ప్లేగు తరువాత 1898లో పుట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు రోడ్లు వెడల్పు చేయడానికి ఇరుకు పేటలను కూల్చింది. మొదటి ఇరవై ఏళ్ళలో అది కట్టిన గదులకంటే కూల్చిన గదులే ఎక్కువ. ఇల్లు పోయినవాళ్ళు గాలి వెలుతురుల కోసం దూరం పోలేదు. పక్క సందులోకి జరిగారు, ఆ సందు ఇంకా ఇరుకైంది. అదే ట్రస్టు పరేల్‌లో, మిల్లుల నడుమ కట్టిన చాల్‌లు మాత్రం నిండాయి. వాటిలో ఒకదానిలో అంబేద్కర్ కుటుంబం 1912 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు నివసించింది. మంచి ఇల్లు కావాలా, దగ్గరి ఇల్లు కావాలా అని జనాన్ని ఎంచుకోమనడమే అసలు తప్పు. దగ్గరలోనే మంచి ఇల్లు కట్టినచోట ఆ ప్రశ్నే తలెత్తలేదు.

అంబేద్కర్ పేరు వచ్చింది కనుక ఇంకొక మాట దాటవేయకూడదు. ఎవరు ఎవరి పక్కన ఉంటారన్నది దూరమొక్కటే నిర్ణయించలేదు, కులమూ నిర్ణయించింది. బంధువు పూచీ మీద నడిచే ఏర్పాటు బంధువులు లేనివాడికి తలుపు మూస్తుంది. మిల్లులోనూ అంతే: తెగిన పోగును నాడెలోకి నోటితో పీల్చి ఎక్కించాలి కనుక, ‘అంటరానివాళ్ళు’ అన్నవాళ్ళను కూలి ఎక్కువుండే నేత ఖాతాల్లోకి రానిచ్చేవారు కాదు. సమ్మెల్లో ఐక్యత గురించి మాట్లాడే సంఘాల ముందు అంబేద్కర్ ఈ ప్రశ్ననే పెట్టాడు. తెలుగు పద్మశాలీలు నిలదొక్కుకున్నది ఆ నేత ఖాతాల్లోనే. మన వలస కథను చెప్పుకునేటప్పుడు ఆ తలుపు మనకు తెరుచుకోవడమే కాక, వేరెవరికో మూసుకుందని కూడా చెప్పుకోవాలి.

ఇన్ని లోపాలున్నా ఈ పావుగంట నడక కార్మికులకు ఇచ్చిన బలం యజమానులకు బాగానే తెలుసు. మిల్లులు సొంతంగా కట్టించిన ఇళ్ళంటే కార్మికులకు అనుమానం. సమ్మె మొదలైన మర్నాడే ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుందని. బయటి చాల్‌లో ఉంటే ఇంటి యజమాని అద్దెకు ఆగుతాడు, కొట్టువాడు ఖాతా పొడిగిస్తాడు. 1908లో తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష పడ్డప్పుడు ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు మిల్లులు ఆగాయి. 1928 సమ్మె ఆరు నెలలు సాగింది. చేతిలో దమ్మిడీ లేని లక్షమందికి పైగా మనుషులు ఆరు నెలలు నిలబడగలిగారంటే వాళ్ళను నిలబెట్టింది సంఘం నిధి ఒక్కటే కాదు.

1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానారు. దాన్ని ముగిస్తున్నట్టు ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1991 తరువాత మారుతూ వచ్చిన నిబంధనలతో ఆ భూముల్లో మాల్‌లు, కార్యాలయాలు, ఆకాశహర్మ్యాలు లేచాయి. 1905లో పుట్టిన ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్. పని మళ్ళీ పరేల్‌కే వచ్చింది, పనివాళ్ళ ఇళ్ళు మాత్రం విరార్, కల్యాణ్, పన్వేల్ అవతలికి పోయాయి. ఒకప్పుడు నడిచి వచ్చిన చోటికి ఇప్పుడు లక్షల మంది లోకల్ రైళ్ళలో వచ్చి, మిల్లుల కాలపు స్టేషన్లలో దిగుతారు. 2017 సెప్టెంబరు 29 ఉదయం, ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. వానకు జనం వంతెన మీదే ఆగిపోయారన్నది ఆ రోజుటి కారణం. పని ఒకచోట, ఇల్లు మరోచోట పెట్టిన ముప్పై అయిదేళ్ళ విధానం దాని వెనకున్న కారణం.

ఇప్పుడు మిల్లులు లేవు, ఒకే గేటు ముందు జీవితమంతా నిలబడేవాళ్ళూ లేరు. భార్య ఒక దిక్కుకు, భర్త ఒక దిక్కుకు పనికి పోయే కాలంలో పనికి దగ్గర ఇల్లు అన్నమాటకు అర్థమేముందని అనవచ్చు. కొంత నిజమే. కానీ గిరణ్‌గావ్ లెక్కలో గేటు ఒక పద్దు మాత్రమే. బడి, ఆస్పత్రి, రేషను దుకాణం, బస్టాపు, పరిచయస్తుల ఇల్లు అనే మిగతా పద్దులు కొలువు మారినా మారవు. పైగా గేటు ముందు నిలబడేవాళ్ళు అంతరించలేదు. హైదరాబాద్ లేబర్ అడ్డాల మీద పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని నిలబడే పాలమూరు కూలీ చేసేది ఆ బదిలీ కార్మికుడు చేసిన పనే. ఎనిమిదింటికల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి లేదు.

అయినా ప్రభుత్వాలు వర్లీ నాటి లెక్కనే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాయి. హైదరాబాద్ పేదల కోసం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 15,660 రెండు పడక గదుల ఇళ్ళను 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్ళు వర్లీ గదుల కంటే ఎన్నో రెట్లు మేలు. బ్రతుకుతెరువు ఉన్న బస్తీల నుంచి మాత్రం బస్సు మీద బస్సు మారాల్సిన దూరం. ముంబయిలో మాజీ మిల్లు కార్మికులకూ వాళ్ళ వారసులకూ బద్లాపూర్ దాటి, కర్జత్ రైలు దారిలోని శేలూ, వాంగణీల్లో ఇళ్ళిస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం ముందుకొస్తే, 2025 జులైలో వాళ్ళు ఆజాద్ మైదానానికి వచ్చి మాకు ఇళ్ళు ముంబయిలోనే కావాలన్నారు. ఇచ్చినదాన్ని వద్దంటారేమని విసుక్కునేవాళ్ళు ఉన్నారు. వందేళ్ళ కింద డెవలప్‌మెంటు శాఖ కూడా అలాగే విసుక్కుంది. ఇల్లు కేటాయించే కాగితం మీద ఇన్ని చదరపు అడుగులని రాస్తున్నారు కదా. దాని పక్కనే బడికి, ఆస్పత్రికి, బస్టాపుకు, పని దొరికే అడ్డాకు ఎన్ని నిమిషాల నడకో కూడా రాయండి. రాయడానికి మొహం చెల్లని చోట ఇళ్ళు కట్టకండి.